వెనకబడ్డవాళ్లకి మూడు పుట్టగొడుగులు



నేను ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతాను. బీఈడీ పూర్తిచేసి ఈ ఉద్యోగంలో చేరి ఐదేళ్లయింది. ఈ నెల మీతో మాట్లాడాలనుకున్నది మాత్రం లెక్కల గురించి కాదు, ఒక కార్ల ఆట గురించి. "టీచర్ అయ్యుండి వీడియో గేమ్ గురించి రాస్తుందేమిటి" అనుకుంటారేమో. చివరిదాకా చదవండి, ఆ తర్వాత కోప్పడినా ఫర్వాలేదు.

దసరా సెలవులకు ముందు జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. ప్రోగ్రెస్ కార్డు అందుకోకముందే బ్యాగులోంచి ఒక గేమ్ కన్సోల్ తీసి టేబుల్ మీద పెట్టారు. రెండు చేతులతో పట్టుకుని ఆడుకునే రకం.

"మేడమ్, వీడి మార్కుల్ని తినేసింది ఇదే. యాన్యువల్ పరీక్షలు అయ్యేదాకా మీ దగ్గరే పెట్టుకోండి. ఇంట్లో ఉంటే మావల్ల కావట్లేదు."

పక్కనే అబ్బాయి. ఏడో తరగతి. తన బూట్ల వైపే చూస్తున్నాడు. లెక్కల్లో 80కి 34 వచ్చాయి. క్లాసులో నోరు తెరిచి ఒక్క డౌటు అడిగి ఎరగడు.

"దీంట్లో ఏం ఆడతావు నాన్నా?" అని అడిగాను.

"మారియో కార్ట్, మేడమ్."

"ఎన్నో ప్లేస్ వస్తావు?"

అప్పుడు తల ఎత్తాడు. "150 సీసీలో అయితే ఫస్టో సెకండో వస్తా మేడమ్. 200 సీసీలో మలుపుల దగ్గర ట్రాక్ మీంచి పడిపోతున్నా. బ్రేక్ ఎక్కడ వెయ్యాలో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది."

నాలుగు నెలల్లో వాడు నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. తన తప్పు ఎక్కడ జరుగుతోందో, దాన్ని ఎలా సరిదిద్దుకుంటున్నాడో ఎవరూ అడక్కుండానే చెప్పాడు. నా లెక్కల పేపర్ గురించి అలా చెప్పే పిల్లలు క్లాసు మొత్తం మీద నలుగురైదుగురుంటే గొప్ప.

"మీరెప్పుడైనా వాడితో ఆడారా సార్?" అని నాన్నగారిని అడిగాను.

"నాకంత టైమెక్కడిది మేడమ్? ఇంటికొచ్చేసరికే రాత్రి తొమ్మిదవుతుంది."

నేను కన్సోల్ తీసుకోలేదు. "ఈ ఆదివారం వాడితో ఒక్క కప్పు ఆడి చూడండి సార్. నాలుగు రేసులు, పావుగంట కూడా పట్టదు. ఆ తర్వాత కూడా నా దగ్గర పెట్టాలనిపిస్తే సోమవారం తెచ్చివ్వండి" అన్నాను. ఆయన నావైపు చూసిన చూపులో "ఈవిడ నిజంగా టీచరేనా" అన్న అనుమానం స్పష్టంగా కనిపించింది.

ఆ ఆట నాకెలా తెలుసంటే

మా తరం పిల్లలకి చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ అంటే "9999 ఇన్ 1" అని రాసి ఉండే ప్లాస్టిక్ డబ్బా. ఎగ్జిబిషన్లలో, జాతరల్లో అమ్మేవారు. నల్ల చుక్కలతో చేసిన చిన్న కారు, ఎదురుగా వచ్చే నల్ల చుక్కల కార్లు. ఎడమకో కుడికో తప్పించుకోవాలి, అంతే. సెల్లులు అయిపోతే టీవీ రిమోట్‌లోవి తీసి వేసుకుని నాన్నతో తిట్లు తినేవాళ్లం.

మారియో కార్ట్‌ని మాత్రం పోయిన వేసవిలో అమెరికా నుంచి వచ్చిన మా అక్క పిల్లల దగ్గర చూశాను. జపాన్‌కి చెందిన నింటెండో కంపెనీ 1992లో "సూపర్ మారియో కార్ట్"తో మొదలుపెట్టిన వరుస ఇది. మన పిల్లల చేతుల్లో ఎక్కువగా కనిపించేది 2017లో స్విచ్ కన్సోల్ కోసం వచ్చిన "మారియో కార్ట్ 8 డీలక్స్".

దీన్ని ఆర్కేడ్ తరహా రేసింగ్ అంటారు. మాల్స్‌లో సీటూ స్టీరింగూ ఉండి, కార్డు గీకితే నడిచే కారు మెషీన్లు చూసే ఉంటారు. 1982లో వచ్చిన "పోల్ పొజిషన్", 1986 నాటి "అవుట్ రన్" లాంటివి అలాంటి మెషీన్ల మీద పేరు తెచ్చుకున్న ఆటలే. నిజమైన డ్రైవింగ్‌తో వాటికి పెద్దగా పని లేదు. కూర్చోగానే సరదా మొదలవ్వాలి, రెండు మూడు నిమిషాల్లో ఫలితం తేలిపోవాలి. మారియో కార్ట్‌ది కూడా అదే దారి. పన్నెండు బండ్లు, మామూలుగా మూడు రౌండ్లు. దారిలో తగిలే పెట్టెల్లోంచి రకరకాల వస్తువులు దొరుకుతాయి. అరటితొక్క పడేస్తే వెనక వచ్చేవాడు జారతాడు. తాబేలు చిప్ప విసిరితే ముందున్నవాడు బోల్తా కొడతాడు. పుట్టగొడుగు వాడితే మన బండి ఒక్కసారిగా దూసుకుపోతుంది.

అక్క పిల్లలకి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడాలంటే సిగ్గు. మొదటి వారం అమ్మకీ వాళ్లకీ మధ్య "తిన్నావా", "ఊఁ" తప్ప మాటల్లేవు. ఒకరోజు చిన్నది అమ్మ చేతిలో కంట్రోలర్ పెట్టింది. బండి ట్రాక్ దాటి పడిపోకుండా ఆటే కాపు కాసే స్మార్ట్ స్టీరింగ్ అనే ఏర్పాటు ఉంది, దాన్ని ఆన్ చేసింది. ఇక మా అమ్మ మొదలుపెట్టింది చూడండి. "ఓరి నీ దుంపతెగ, పక్కకి జరుగు! ఎవడ్రా నాకు తొక్క వేసింది!" అని ఒకటే కేకలు. వారం తిరిగేసరికి పిల్లలిద్దరూ "అమ్మమ్మా, నీలం చిప్ప వస్తోంది, ఆగు ఆగు!" అని తెలుగులో అరవడం నేర్చుకున్నారు. స్పోకెన్ క్లాసు కట్టినా ఇంత తొందరగా వచ్చేది కాదు.

అసలు సంగతి ఇక్కడుంది

ఆడుతుండగా నాకొకటి అర్థమైంది. పెట్టెల్లో దొరికే వస్తువులు అందరికీ ఒకేలా రావు. మొదటి స్థానంలో ఉన్నవాడికి ఎక్కువగా వచ్చేది ఒక నాణెమో, అరటితొక్కో. మధ్యలో ఉన్నవాళ్లకి ముందున్నవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లే ఎర్ర చిప్ప. బాగా వెనకబడ్డవాళ్లకి మూడు పుట్టగొడుగులు, ఏం తగిలినా చెక్కు చెదరనివ్వని నక్షత్రం, బండినే తుపాకీ గుండులా మార్చి తనంతట తానే ముందుకు తీసుకెళ్లే బుల్లెట్ బిల్. ఎంత వెనకబడితే అంత గట్టి సాయం. అది అనుకోకుండా జరిగేది కాదు, ఆటను తయారుచేసినవాళ్లు కావాలని అలా పెట్టారు.

ఇంకో చిన్న విషయం, ఇది లెక్కల టీచర్‌గా నాకు బాగా నచ్చింది. కప్పులో ఒక్కో రేసుకి మొదటి స్థానానికి 15 పాయింట్లు, రెండో స్థానానికి 12, ఆ తర్వాత 10, 9, 8 అలా తగ్గుతూ పన్నెండో స్థానానికి 1. సున్నా ఎవరికీ లేదు. చివర్లో వచ్చినా రేసు పూర్తిచేసినందుకు ఒక పాయింటు ఉంటుంది.

ట్రాక్ మీంచి పడిపోతే మబ్బు మీద తిరిగే తాబేలు ఒకటి గాలంతో పైకి లాగి మళ్లీ దారిలో పెడుతుంది. కొన్ని సెకన్లు పోతాయి, అంతే. ఎవరూ తిట్టరు. అందుకే పిల్లవాడు అదే మలుపు దగ్గర పదిసార్లు పడి పదకొండోసారి సరిగ్గా తిప్పుతాడు. ఆ మలుపులో బండిని పక్కకి జార్చి, నిప్పురవ్వలు నీలం నుంచి నారింజ రంగులోకి మారేదాకా ఓపిక పట్టి వదిలితే కొంచెం ఎక్కువ వేగం వస్తుందని కూడా పట్టేస్తాడు. "మా వాడికి ఓపిక లేదు మేడమ్" అని నాతో చెప్పే తల్లులు ఒక్కసారి వాడు ఆడేటప్పుడు పక్కన కూర్చుని చూడాలి.

ఇప్పుడు మన దగ్గర ఏం జరుగుతోందో ఆలోచించండి. స్లిప్ టెస్టులో ఫస్ట్ వచ్చిన పిల్లకి కొత్త సైకిల్. 34 వచ్చిన పిల్లవాడికి కన్సోల్ బంద్, క్రికెట్ బంద్, ఆదివారం ట్యూషన్ అదనం. ముందున్నవాళ్లకి ఇంకా ఇస్తాం, వెనకబడ్డవాడి చేతిలో ఉన్నది కూడా లాగేసుకుంటాం. ఆపైన "ఎందుకు ముందుకు రావట్లేదు" అని అడుగుతాం.

తప్పు మీ ఒక్కరిదే అనడం లేదు. నేనూ అదే చేశాను. స్టడీ అవర్‌లో డౌట్లు చెప్పేటప్పుడు నా కుర్చీ ఎప్పుడూ టాప్ పిల్లల బెంచీల దగ్గరే ఉండేది. వాళ్లకి చెబితే చప్పున అర్థమవుతుంది, చెప్పిన తృప్తి నాకూ దక్కుతుంది. చివరి బెంచీకి వెళ్లేసరికి బెల్ కొట్టేవారు. మార్కుల ప్రకారం సెక్షన్లు చేసే పద్ధతి ఉన్న ఏ స్కూల్లోనైనా మంచి పేరున్న టీచర్లు ముందుగా ఏ సెక్షన్‌కి వెళతారో మీకూ తెలుసు, మాకూ తెలుసు. అడ్మిషన్ రోజున మీరు ముందుగా అడిగేది ఆ సెక్షన్ గురించే. ఈ మాట ఈ పత్రికలో రాయొచ్చా లేదా అని రెండు రోజులు ఆలోచించాను. రాయకపోతే మిగతాదంతా రాయడంలో అర్థం లేదనిపించింది.

మీరు అడగబోయే ప్రశ్న

"ఆటలో బానే ఉంటుంది మేడమ్. రేపు పోటీ పరీక్షల్లో వెనకబడ్డవాడికి పుట్టగొడుగులు ఎవరిస్తారు?"

ఎవరూ ఇవ్వరు, నిజమే. కానీ ఆటనే ఇంకొంచెం జాగ్రత్తగా చూడండి. అన్ని సాయాలు ఉన్నా బాగా ఆడేవాడే ఎక్కువసార్లు గెలుస్తాడు. మా అమ్మ ఒక్కసారి కూడా ఫస్ట్ రాలేదు. ఆ పుట్టగొడుగులు ఎవరికీ కప్పు ఊరికే తెచ్చిపెట్టవు. కంట్రోలర్ పక్కన పడేసి లేచిపోకుండా మాత్రం ఆపుతాయి. మూడో రౌండు దాకా రేసులో ఉన్నవాడికే కదా మలుపు ఎలా తిప్పాలో తెలిసేది. పోటీ పరీక్ష రాసే వయసు పద్దెనిమిది. నా పిల్లలకి పన్నెండు. ఈలోపు ఆరేళ్లు వాళ్లు లెక్కల పుస్తకం మూసేయకుండా చూడటమే నా పని.

అందుకే దసరా తర్వాత నా క్లాసులో రెండు మార్పులు చేశాను. స్టడీ అవర్‌లో నా కుర్చీ చివరి బెంచీ దగ్గర మొదలవుతుంది. స్లిప్ టెస్టులో తప్పు చేసిన లెక్కని మర్నాడు సరిచేసి, ఎక్కడ తప్పిందో ఒక్క వాక్యంలో రాసి తెస్తే పోయిన మార్కుల్లో సగం వెనక్కి ఇస్తాను. పిల్లలు దీనికి "తాబేలు మార్కులు" అని పేరు పెట్టారు. అద్భుతాలేమీ జరగలేదు. కాకపోతే ఇదివరకు ఖాళీగా వదిలేసే లెక్కల దగ్గర ఇప్పుడు ఏదో ఒక ప్రయత్నం కనిపిస్తోంది. దిద్దడానికి తప్పు దొరికితే నాకు పని మొదలైనట్టే. ఖాళీ కాగితాన్ని నేనేం దిద్దగలను?

అన్ని కార్ల ఆటలూ ఒకటి కావు

ఇది చదివి ఎవరూ కన్సోల్ కొనొద్దు. అది ఖరీదైన వస్తువు, అవసరమైన వస్తువు కాదు. మా పిల్లల దగ్గర ఉన్నవాటిలో చాలావరకు విదేశాల్లో ఉన్న బాబాయిలో, మేనమామలో తెచ్చినవే. ఇంట్లో క్యారమ్స్ బోర్డో, అష్టాచెమ్మా గవ్వలో ఉంటే నేను చెప్పేదంతా వాటితోనూ కుదురుతుంది. ఇప్పటికే కన్సోల్ ఇంట్లో ఉన్నవాళ్ల కోసం మాత్రం కొన్ని మాటలు.

ఫోన్‌లో ఉచితంగా వచ్చే రేసింగ్ ఆటలు వేరు, ఇది వేరు. ఆ ఉచిత ఆటల్లో చాలావాటికి ఆదాయం మధ్యలో వచ్చే ప్రకటనల నుంచి, పిల్లలు కొనే నాణేల నుంచి వస్తుంది. అందుకే "ఇంకాసేపు ఆగితే బహుమతి" అని కట్టిపడేస్తాయి. కన్సోల్ ఆట ఒకసారి కొంటే ఇంట్లో నలుగురూ నెట్ అవసరం లేకుండా ఆడుకోవచ్చు. ఇక డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల జోలికి అసలు పోనివ్వకండి. వాటిని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసింది.

అలాగని ఇది ఏ పాపం ఎరగనిది కూడా కాదు. "ఇంకొక్క రేస్" అన్న మాట ఎంత ప్రమాదమో నాకూ తెలుసు. అక్క వాళ్లున్న నెలలో పేపర్లు దిద్దడం మానేసి రాత్రి పదకొండింటిదాకా నేనే ఆడాను. కాబట్టి మా ఇంట్లో పనిచేసిన పద్ధతులు చెబుతాను.

ఒకటి, టైమ్‌ని నిమిషాల్లో కాకుండా కప్పుల్లో లెక్కపెట్టండి. ఒక కప్పు అంటే నాలుగు రేసులు. రోజుకి ఒక కప్పు, సెలవు రోజున రెండు. గొడవలు ఎక్కువగా వచ్చేది రేసు మధ్యలో లాక్కున్నప్పుడే. సీరియల్ చివరి సీన్‌లో టీవీ కట్టేస్తే మనకెలా ఉంటుంది? కప్పు అయ్యాక "అయిపోయింది" అంటే పిల్లలు ఒప్పుకుంటారు.

రెండు, నింటెండో వాళ్ల పేరెంటల్ కంట్రోల్స్ యాప్ మీ ఫోన్‌లో పెట్టుకుంటే రోజువారీ పరిమితి మీరే నిర్ణయించవచ్చు. టైమ్ అయిపోతే ఆ సంగతి కన్సోలే చెబుతుంది. తిట్టే బాధ్యత మీకు తప్పుతుంది.

మూడు, కన్సోల్ హాల్లో ఉండాలి, ఛార్జర్ మీ గదిలో ఉండాలి. స్కూల్ బ్యాగులో మాత్రం ఎప్పుడూ ఉండకూడదు. ఆ విషయంలో స్కూల్ రూల్‌లో సడలింపు లేదు, నన్ను అడిగి మొహమాటపెట్టకండి.

నాలుగు, ఆటలో 50 సీసీ, 100 సీసీ అని తరగతులుంటాయి. పిల్లలు ఆ మాటలు అన్నప్పుడే అసలు బండి సంగతి కూడా చెప్పండి. మన చట్టం ప్రకారం పదహారేళ్లు నిండితేనే 50 సీసీ మించని బండికి లైసెన్స్. మిగతావాటికి పద్దెనిమిది నిండాలి. మైనర్ బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకీ బండి ఓనరుకీ మూడేళ్లదాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా అని 2019 సవరణ చెబుతోంది. మన గేటు ముందు స్కూటీలు ఆపి లోపలికొచ్చే తొమ్మిదో తరగతి పిల్లల్ని నేను రోజూ చూస్తున్నాను. ఆటలో పడిపోతే గాలంతో పైకి లాగే తాబేలు ఉంది. మెయిన్ రోడ్డు మీద లేదు.

ఐదోది అన్నిటికంటే ముఖ్యం. మీరూ ఆడండి. మామూలు స్విచ్‌కి రెండు పక్కలా ఉన్న కంట్రోలర్లు విడదీస్తే ఇద్దరు ఆడుకోవచ్చు. మీరు ఓడిపోతారు, ఖాయం. ఆ ఓటమి నుంచి పారిపోకండి. ఇంట్లో అన్నీ తెలిసిన నాన్నకి తను నేర్పించాల్సింది ఒకటుందని పిల్లవాడికి తెలిసే క్షణం అది.

సోమవారం ఏమైందంటే

ఆ నాన్నగారు సోమవారం రాలేదు. కన్సోల్ కూడా రాలేదు. దీపావళి తర్వాతి మీటింగ్‌కి మాత్రం ఇద్దరూ వచ్చారు. ఆయన ఒప్పుకున్నారు కాబట్టే ఇదంతా మీకు చెబుతున్నాను.

"నాలుగు రేసులూ పన్నెండో ప్లేసే మేడమ్. మొత్తం నాలుగు పాయింట్లు" అని నవ్వారు. "మూడో రేసులో వీడు తన బండి ఆపేసి నాకోసం చూశాడు. 'డాడీ, నీకు మూడు పుట్టగొడుగులొచ్చాయి, వాడు, ఇప్పుడే వాడు' అని ఒకటే అరుపులు. నేను వీడికి లెక్కలు చెప్పేటప్పుడు ఒక్కసారి కూడా అలా ఆగలేదని అప్పుడు గుర్తొచ్చింది."

అబ్బాయికి ఈసారి 80కి 41 వచ్చాయి. ఆ ఏడు మార్కులు ఆట వల్ల వచ్చాయని నేను చెప్పను, అలా ఎవరు చెప్పినా నమ్మకండి. కానీ గురువారం పీరియడ్ అయిపోయాక వాడు నా టేబుల్ దగ్గరికి వచ్చి, నోట్‌బుక్ తెరిచి, "మేడమ్, ఈ స్టెప్ దగ్గర పడిపోతున్నా" అన్నాడు. సంవత్సరంలో వాడు అడిగిన మొదటి డౌటు అది.

వచ్చే మీటింగ్‌లో మార్కుల సంగతి ఎలాగూ మాట్లాడుకుంటాం. దానికి ముందు మీ అందరినీ నేనొక ప్రశ్న అడుగుతాను, జవాబు సిద్ధం చేసుకుని రండి. ఈ నెలలో మీ పిల్లల చేతిలో మీరు ఎన్నిసార్లు ఓడిపోయారు?